అప్‌డేట్ నొక్కరాదు

ఆ కాగితం మీద రెండే మాటలు: అప్‌డేట్ నొక్కరాదు. కింద కరస్పాండెంట్ గారి సంతకం, సంస్థ రబ్బరు స్టాంపు. టైపు చేసింది నేనే. అరవై నాలుగు కాపీలు జెరాక్స్ తీసిందీ నేనే. నరసరావుపేట కాలేజీలో ముప్ఫై ఎనిమిది కంప్యూటర్లకు, నకరికల్లు స్కూల్లో పన్నెండింటికి, గురజాల కాలేజీలో పద్నాలుగింటికి, మానిటరు కింది అంచున టేపు పెట్టి అంటించాల్సిందీ నేనే. అరవై మూడు అంటించాను. అరవై నాలుగోది, తన గదిలో కంప్యూటరుది, కరస్పాండెంట్ గారు నా చేతిలోంచి తీసుకుని తానే అంటించుకున్నారు. వంకర పోకుండా స్కేలు పెట్టి మరీ అంటించుకున్నారు.

ఆ అరవై నాలుగు కంప్యూటర్లకూ వేళకు అప్‌డేట్లు పడేలా చూడటం నా ఉద్యోగం. నా పని నేను చెయ్యకూడదని నేనే నోటీసు కొట్టి, నేనే ఊరూరా తిరిగి అంటించి వచ్చాను. గురజాల నుంచి బస్సులో తిరిగి వస్తూ, మిగిలిన టేపు చుట్టను వేలికి తగిలించుకుని తిప్పుతూ ఒక నిర్ణయానికి వచ్చాను. అంటించింది నేనే కాబట్టి పీకేదీ నేనే.

అప్‌డేట్ అంటే తెలియనివారి కోసం నాలుగు మాటలు. కంప్యూటరును నడిపించే సాఫ్ట్‌వేరులోనూ, ఇంటర్నెట్ చూసే బ్రౌజరులోనూ ఎప్పటికప్పుడు కన్నాలు బయటపడుతుంటాయి. తయారుచేసినవాళ్ళు వాటిని పూడ్చే మరమ్మతులు పంపుతుంటారు. అవి ఇంటర్నెట్‌లో వాటంతట అవే దిగుతాయి. కంప్యూటరు ఖాళీగా ఉన్న వేళ చూసుకుని, ఎక్కువగా రాత్రిపూట, వాటంతట అవే ఎక్కుతాయి. ఒక్క కంప్యూటరున్న ఇంట్లో దీని గురించి ఎవరూ ఆలోచించక్కర్లేదు. అరవై నాలుగు ఉన్నచోట ఏది ముందు, ఏది తర్వాత, ఏ వేళకు, ఎవరి పని చెడకుండా అని చూసుకునే మనిషి ఒకరుండాలి.

ఆ మనిషిని కాకముందు నేను అదే సంస్థలో జెరాక్స్ కౌంటర్ దగ్గర ఉండేదాన్ని. డిగ్రీ రెండో ఏడాదిలో ఆగిపోయింది. నాలుగున్నరకు కౌంటర్ మూసేసి నేరుగా శాఖా గ్రంథాలయానికి వెళ్ళేదాన్ని. సాయంత్రం మూడు గంటలపాటు తెరిచి ఉండేది. కిటికీ పక్క బల్ల మీద రిటైరైన పెద్దలు పేపర్లు పంచుకుని చదువుతుండేవారు. వెనక గోడకు ఉన్న బీరువాలో కంప్యూటర్ల మీద పుస్తకాలు ఓ పాతిక ఉండేవి. తెలుగులో ఉన్నవి చానాళ్ళ కిందటివి. అందులో చెప్పిన యంత్రాలు ఇప్పుడు పాత సామాన్ల కొట్లో కూడా దొరకవు. అయినా చదివాను. ఇంగ్లీషులో ఒకే ఒక్క లావు పుస్తకం ఉండేది, ఒక సంస్థలోని కంప్యూటర్లన్నిటినీ ఒకచోట కూర్చుని ఎలా చూసుకోవాలో చెప్పేది. ఎడం చేతి పక్క నిఘంటువు, కుడి చేతి పక్క నోటు పుస్తకం పెట్టుకుని తొమ్మిది నెలలు చదివాను. లైబ్రేరియన్ గారు దాన్ని నాకోసం విడిగా తన సొరుగులో పెట్టేవారు. నేను తప్ప దాన్ని ఇంకెవరూ అడగరని మా ఇద్దరికీ తెలుసు. అయినా అలా పెట్టడం ఆయన మర్యాద.

నాకు సర్టిఫికెట్ లేదు. దానికి నేను సిగ్గుపడాలని చాలామంది ఎదురుచూశారు. నేను పడలేదు. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకు ఎవరో ఒకరు పాఠం చెప్పారు. నాకు నేనే చెప్పుకున్నాను, అర్థం కాకపోతే నన్ను నేనే తిట్టుకున్నాను, అర్థమైన రోజు నాకు నేనే టీ కొని పోసుకున్నాను.

కంప్యూటర్లు చూసే అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాక, కొత్తవాళ్ళు దొరికేదాకా నువ్వు చూడమన్నారు కరస్పాండెంట్ గారు. ప్రింటరు బాగుచెయ్యడం నాకొక్కదానికే వచ్చు, అదీ కారణం. కొత్తవాళ్ళు దొరకలేదు. నేను కొనసాగాను. పిలుపు మాత్రం మారలేదు. అటెండరు దగ్గరినుంచి ప్రిన్సిపాల్ దాకా నన్ను జెరాక్స్ అమ్మాయి అనే అనేవారు.

పుస్తకంలో ఉన్నట్టే అన్నీ అమర్చాను. పగలు పాఠాలు జరుగుతుంటాయి కాబట్టి అప్‌డేట్లు రాత్రి ఎక్కేలా వేళలు పెట్టాను. తర్వాత రోజునుంచే గొడవ మొదలైంది. పొద్దున స్విచ్ వేయగానే తెర మీద నీలం రంగు, తెల్లటి చుక్కలు గుండ్రంగా తిరగడం, అప్‌డేట్ పూర్తికాలేదు, మార్పులు వెనక్కి తీస్తున్నాం అని ఒక వాక్యం. అరగంట అలాగే. ఇవాళ ఒక అయిదు కంప్యూటర్లు, రేపు ఒక ఎనిమిది. మొదటి పీరియడు పాఠం పోయేది. వేళలు మార్చాను. దిగిన అప్‌డేట్లు తుడిచేసి మళ్ళీ దింపాను. ఏం చేసినా అదే వరస.

ఒకరోజు హాల్‌టికెట్లు ఇవ్వాల్సిన పొద్దున ఆఫీసు కంప్యూటర్లు మూడూ అలా కూర్చున్నాయి. బయట పిల్లలు, వాళ్ళ నాన్నలు బారులు తీరారు. కరస్పాండెంట్ గారు వచ్చి మూడు తెరల వంకా చూశారు.

“ఏందమ్మా, పొద్దున్నే అన్నీ పూజలో కూర్చున్నయ్యా?”

ఆఫీసంతా నవ్వింది. నవ్వు ఆగాక ఆయన గుంటూరు నుంచి ఇంజినీరును పిలిపించారు. అతను గంటసేపు ఉండి, ఇవి పాత మెషీన్లనీ, వీటికి అప్‌డేట్లు పడవనీ, కొత్తవి కొనాలనీ చెప్పి, అన్ని కంప్యూటర్లలోనూ అప్‌డేట్లను కట్టేసి వెళ్ళాడు. మెషీన్లు పాతవి కావు. ఆ మాట అతని ముందే అన్నాను. అప్‌డేట్లు ఆపితే తలుపుకు గొళ్ళెం ఊడదీసినట్టే, పిల్లల వివరాలన్నీ వీటిలోనే ఉన్నాయన్నాను. కరస్పాండెంట్ గారికి అది నచ్చలేదు.

“లైబ్రరీలో కూర్చుని ఆపరేషన్ నేర్చుకున్న డాక్టరుకాడికి నువ్వు పోతావా అమ్మా?”

“పుస్తకం చదవని డాక్టరు దగ్గరికైతే పోనండి” అన్నాను.

ఆయన నవ్వలేదు. ఇకమీదట అప్‌డేట్ల వల్ల ఒక్క మెషీను ఆగినా నేను మళ్ళీ జెరాక్స్ కౌంటరుకే పోవాలని చెప్పి, ఆ రెండు మాటల కాగితం టైపు చెయ్యమన్నారు.

ఇంజినీరు వేసిన కట్టు ఒక సెట్టింగు, అంతే. విప్పే తాళం నా దగ్గరే ఉంది. విప్పితే మళ్ళీ అదే గొడవ. అందుకని ముందు గొడవ ఎక్కడుందో చూడాలనుకున్నాను. ప్రతి కంప్యూటరూ తనకు జరిగినదంతా రోజూ రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. ఎప్పుడు లేచింది, ఎప్పుడు పడుకుంది, మధ్యలో ఏం జరిగింది, అన్నీ నిమిషాలతో సహా అందులో ఉంటాయి. లావు పుస్తకంలో దాని మీద ఒక అధ్యాయం ఉంది. నాకది అంతకుముందు విసుగ్గా అనిపించి సగంలో వదిలేశాను. మళ్ళీ తెచ్చుకుని చివరిదాకా చదివాను.

లాగ్ తెరిచి చూస్తే ప్రతిరోజూ ఒకే వాక్యం. ఈ కంప్యూటరు అనుకోకుండా ఆగిపోయింది. నరసరావుపేటలో సాయంత్రం అయిదూ రెండుకు. ముప్ఫై ఎనిమిదీ ఒకే నిమిషంలో. గురజాలలో నాలుగూ నలభైకి, పద్నాలుగూ ఒక్కసారే. నకరికల్లులో నాలుగున్నర దాటి అయిదారు నిమిషాలకు. ఆదివారాలు ఏమీ లేవు. వేళలన్నీ నోటు పుస్తకంలో ఎక్కించుకుని ముందు కరెంటు కోత అనుకున్నాను. కానీ కరెంటు కోత ఆదివారం సెలవు తీసుకోదు.

ఆ మర్నాడు గ్రంథాలయం మానేసి కాలేజీలోనే ఉండిపోయాను. ఉద్యోగంలో చేరాక నాలుగున్నర తర్వాత నేనక్కడ ఉండటం అదే మొదటిసారి. అయిదయింది. ఆఫీసువాళ్ళు మానిటర్లు ఆపి, సంచులు తీసుకుని లేచారు. మానిటరు ఆగితే కంప్యూటరు ఆగినట్టేనని అందరి నమ్మకం. అటెండరు చాచా తాళాల గుత్తితో వరండాలోకి వచ్చారు. మెయిన్ స్విచ్ పెట్టె ముందు నిలబడి, పెదవుల లోపలే బిస్మిల్లా అనుకుని, పిడి కిందికి లాగారు. భవనమంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. ల్యాబులో కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ పెట్టె, యూపీఎస్, కీచుమని అరవడం మొదలుపెడితే, లోపలికి పోయి దాని గొంతూ నొక్కి వచ్చారు. నా గడియారంలో అయిదూ రెండు.

లావు పుస్తకంలో అన్నీ ఉన్నాయి. సాయంత్రం అయిదింటికి ఒక మనిషి మెయిన్ ఆపేస్తాడని మాత్రం లేదు. ఆఫీసులో అందరికీ తెలుసు. తెలిసిన సంగతి కాబట్టే ఎవరూ నాకు చెప్పలేదు. చదువుకోవడానికి నేను నాలుగున్నరకే వెళ్ళిపోతుండబట్టి నాకు తెలియలేదు. రాత్రికని నేను పాఠాలు అయిపోయిన దగ్గర్నుంచీ వేళ పెట్టిన అప్‌డేట్లు సాయంత్రమే, కంప్యూటర్లు ఖాళీ అవుతుండగానే మొదలయ్యేవి. సగంలో వాటి ఊపిరి ఆగేది. పొద్దున లేచి, జరిగిన సగాన్నీ వెనక్కి తీసుకునేవి.

చాచా తాళం వేస్తుంటే పక్కన నిలబడి, రోజూ ఇలా ఆపుతారా అని అడిగాను. కాలేజీ పెట్టిననాటినుంచీ అన్నారు. గురజాలలోనూ నకరికల్లులోనూ అటెండర్లకు ఈ అలవాటు చేసింది కూడా తానేనన్నారు. గురజాల అతనికి ఊరికి పోయే బస్సు ఉంది కాబట్టి నాలుగూ నలభైకే ఆపుకోమన్నారట. చాచా తమ్ముడికి ఒకప్పుడు టైలరింగ్ షాపు ఉండేది. మెయిన్ ఆపకుండా షట్టరు దించిన ఒక సాయంత్రం, వైర్లు కాలి, కుట్టడానికి ఇచ్చిన పెళ్ళిబట్టలతో సహా బూడిదయింది. ఆ తర్వాత తమ్ముడు మళ్ళీ మిషను తొక్కలేదు. ఇది చెప్తున్నప్పుడు చాచా గొంతు మామూలుగానే ఉంది. తాళం మాత్రం రెండుసార్లు లాగి చూసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన్ని ల్యాబుకు పిలిచి లాగ్ చూపించాను. వరసగా అయిదూ రెండు, అయిదూ ఒకటి, అయిదూ రెండు. ఆయన వంగి, కళ్ళజోడు పైకి నెట్టి చూశారు.

“నా గురించి రాసిందా ఇది?”

“మీ పేరు రాయలేదు చాచా. మీ టైము రాసింది.”

“ఎన్నాళ్ళ నించి?”

“కొన్నప్పటి నుంచి.”

“ఒక్కరోజన్నా తప్పానా?”

కిందికి జరుపుతూ చూశాను. స్టాఫ్ మీటింగు ఉన్న ఒక రోజు అయిదూ నలభై. మిగతావన్నీ అయిదుకు ఇటో అటో. తప్పలేదన్నాను. “మరి” అన్నారు, గర్వంగా నిటారుగా నిలబడి.

అప్పుడు అసలు సంగతి చెప్పాను. వినేకొద్దీ ఆయన మొహం మారింది. స్టూలు లాక్కుని కూర్చున్నారు. నన్ను అందరి ముందూ నవ్వులపాలు చేసింది తన చెయ్యేనా అని అడిగారు. సారు దగ్గరికి పోయి చెప్పమంటావా అని కూడా అడిగారు. వద్దన్నాను. అంతకుముందు ఏడాది గేటు దగ్గర కునుకు తీశాడని వాచ్‌మన్‌ను అదే పూట పంపించేసిన మనిషి మా కరస్పాండెంట్ గారు. చాచాకు ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. ఈయన పేరు చెప్తే నా మీది మచ్చ ఒక్క నిమిషంలో పోతుంది. ఆ నిమిషం నాకు వద్దనుకున్నాను. ఆయన మెయిన్ ఆపడానికి ఉన్న కారణం తప్పు కాదు. రాత్రి వేళ పెట్టిన నా లెక్కే ఆ భవనానికి సరిపడలేదు. ఒకరి జాగ్రత్తను తప్పుగా చూపించి నా తెలివిని నిలబెట్టుకోవాల్సిన అవసరం నాకు లేదు.

సాయంత్రం అయిదు ఆయనది కాబట్టి, నేను మధ్యాహ్నం తీసుకున్నాను. మా ఊళ్ళో ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఎవరూ కుర్చీలో ఉండరు. దగ్గర్లో ఇళ్ళున్నవాళ్ళు ఇంటికి పోయి తింటారు, లేనివాళ్ళు కారేజీలు విప్పుకుని స్టాఫ్‌రూములో కూర్చుంటారు. ఆ గంటన్నరలో అరవై నాలుగు కంప్యూటర్లూ ఖాళీ. నేను కారేజీ పన్నెండున్నరకే తినడం మొదలుపెట్టాను.

లావు పుస్తకంలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. అన్నిటికీ ఒకేసారి వెయ్యకు. ముందు ఒకదానికి వెయ్యి, రెండు రోజులు వాడి చూడు, తర్వాత అయిదింటికి, ఆ తర్వాత మిగతావాటికి. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుని చూడటం మనకు తెలియనిదేం కాదు. మొదటి కాగితం నా కంప్యూటరుదే పీకాను. సిస్టమ్ అప్‌డేట్ ఎక్కింది, బ్రౌజరు కొత్తదయింది. రెండో రోజు హాల్‌టికెట్ తీసి చూస్తే పిల్లవాడి ఫొటో రావలసిన చోట తెల్లగా వచ్చింది. కొత్త బ్రౌజరుకూ మా పాత ప్రోగ్రాముకూ పడలేదు. గ్రంథాలయంలో కూర్చుని ఫోనులో వెతికి, చదివి, మార్చాల్సిన ఒక చిన్న సెట్టింగు పట్టుకున్నాను. ఆఫీసు మొత్తానికి ఒకేసారి వేసి ఉంటే మళ్ళీ బారులు, మళ్ళీ నవ్వులు.

ఆ రోజుల్లోనే విద్యార్థుల పరీక్ష వివరాలు పంపే వెబ్‌సైటులో ఒక మూల ఇంగ్లీషులో ప్రకటన వచ్చింది. ఫలానా తేదీ నుంచి పాత బ్రౌజర్లలో ఈ సైటు తెరుచుకోదని. వివరాలు పంపడానికి చివరి రోజు ఆ తేదీ తర్వాత వచ్చే సోమవారం. ప్రింటు తీసి, తెలుగులో అర్థం రాసి, కరస్పాండెంట్ గారి బల్ల మీద పెట్టాను. ఇన్నేళ్ళూ ఇవే బ్రౌజర్లతో పంపామని ఆయన దాన్ని పేపర్‌వెయిట్ కింద పెట్టారు. తన గది కంప్యూటరుకు ఒక్క మధ్యాహ్నం ఇమ్మని అడిగాను. కాగితం చదవడం రాదా అన్నారు. ఆయన మధ్యాహ్నం గదికి తాళం వేసుకుని వెళ్తారు కాబట్టి అక్కడ నేను చేయగలిగిందేమీ లేకపోయింది.

మిగతాచోట్ల చేశాను. రోజుకు అయిదు, ఒక్కోరోజు ఆరు. పీకిన కాగితాలు సంచిలో వేసుకునేదాన్ని. ఆఫీసువాళ్ళు గమనించారు గానీ ఎవరూ పైకి అనలేదు. పొద్దున కంప్యూటర్లు త్వరగా లేస్తుంటే కాగితం ఎటుపోయిందని ఎవరు అడుగుతారు. మధ్యాహ్నం కొన్నిసార్లు చాచా వచ్చి ల్యాబు గుమ్మంలో నిలబడేవారు. లోపలికి ఎవరూ రాకుండా ఆయన కాపలా కాస్తున్నారని నాకు కొన్నాళ్ళకు గాని అర్థం కాలేదు. గురజాల రెండుసార్లు వెళ్ళి వచ్చాను. అక్కడి పద్నాలుగూ అయ్యాయి.

తప్పు నకరికల్లులో చేశాను. అక్కడికి వెళ్ళడానికి నాకు దొరికింది ఒకే రోజు. పన్నెండూ ఒకేసారి మొదలుపెట్టాను. ఒక మెతుకు పట్టి చూడమన్న సూత్రం అంత నచ్చిన నేనే దాన్ని పక్కన పెట్టాను. అక్కడి ఇంటర్నెట్ సన్నపు ధార. పన్నెండూ ఒకేసారి నోరు పెట్టేసరికి ఎవరికీ చాలలేదు. రెండున్నరకు గంట కొట్టారు. తెరలన్నిటి మీదా నలభై శాతం దగ్గర అంకె, ఆపవద్దు అన్న మాట. ఏడో తరగతి పిల్లలు వరసగా వచ్చారు, వెనక లెక్కల మాస్టారు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఈ పీరియడు లోపలికి ఎవరూ రావడానికి లేదన్నాను.

“ఏందమ్మా ఇది, మా ల్యాబుకి నువ్వు గేటు కడతన్నావా?” అన్నారు మాస్టారు.

గంట ఓపిక పట్టమన్నాను. ఎవరి ఆర్డరు అని అడిగారు. నాదే అన్నాను. పిల్లలు కిక్కిరిసి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నారు, పాఠం పోయినందుకు వాళ్ళకు బాధేమీ లేదు. మాస్టారు ఫోను తీసి కరస్పాండెంట్ గారికి చేసి, నా చేతికిచ్చారు.

“ఎవురిచ్చారు నీకు పర్మిషన్?”

“ఎవరూ ఇవ్వలేదండి.”

“నేనేం కాగితం అంటించమన్నా?”

“అప్‌డేట్ నొక్కరాదని. నొక్కానండి. యాభై ఒక్క మెషీన్లకు అయిపోయింది, ఒక్కటి కూడా ఆగలేదు. ఇక్కడ పన్నెండు సగంలో ఉన్నాయి. ఇవి పూర్తయ్యేదాకా నేను ఈ గుమ్మంలోంచి కదలను.”

సోమవారం నుంచి నీది జెరాక్స్ కౌంటరు, తాళాలు ఆఫీసులో ఇచ్చెయ్ అని పెట్టేశారు. ఫోను మాస్టారికిచ్చి మళ్ళీ గుమ్మంలో నిలబడ్డాను. నాలుగూ పదికి పన్నెండోది లేచింది. నాలుగున్నర దాటితే అక్కడి మెయిన్ ఆగుతుంది.

శనివారం తాళాలు, పాస్‌వర్డులు రాసిన కాగితం, ఏ కంప్యూటరుకు ఏ రోజు ఏం చేశానో రాసిన నోటు పుస్తకం ఆఫీసులో ఇచ్చి రసీదు రాయించుకున్నాను. సోమవారం కౌంటరు దగ్గర కూర్చున్నాను. జెరాక్స్ మిషను దుమ్ము తుడిచాను. ఏడవలేదు. ఎవరైనా వచ్చి ఓదారుస్తారేమోనని భయపడ్డాను గానీ ఎవరూ రాలేదు.

మూడు గంటలప్పుడు కరస్పాండెంట్ గారే కబురు పంపారు. ఆఫీసులోని కొత్త బ్రౌజర్ల నుంచి వారమంతా పిల్లల వివరాలు చక్కగా ఎక్కాయి. చివరన ఆయన డిజిటల్ సంతకం పెట్టాలి. ఆ సంతకం ఆయన కంప్యూటరుకే ముడిపడి ఉంది. ఆ కంప్యూటరులో సైటు తెరుచుకోవడం లేదు. సాయంత్రం ఆరుకు గడువు. గుంటూరు ఇంజినీరు రేపొస్తానన్నాడట.

గదిలోకి వెళ్ళాను. “ఏదో చూడమ్మా” అన్నారు.

“నేను జెరాక్స్ కౌంటరండి.”

“ఇప్పుడదంతా ఎందుకు.”

“కాగితం అంటించి ఉందండి, నొక్కరాదని. అరవై మూడు నేనంటించాను, నేనే తీశాను. ఇది మీరంటించింది.”

ఆయన నా వంక చూశారు. నేను చూపు దించలేదు. చివరికి వంగి, గోటితో గీకి, కాగితం పీకారు. స్కేలు పెట్టి అంటించింది కదా, టేపు గట్టిగా పట్టుకుని ఒక మూల చిరిగింది.

ఆ కంప్యూటరు ఎన్నాళ్ళుగానో వెనకబడి ఉంది. ముందు సిస్టమ్ అప్‌డేట్ ఎక్కితేగాని కొత్త బ్రౌజరు ఎక్కదు. మూడుంబావుకు మొదలుపెట్టాను. ఒకసారి ఆగి లేచింది. మళ్ళీ నీలం తెర, మళ్ళీ చుక్కలు. అయిదుకు పది నిమిషాలుండగా అరవై రెండు శాతం దగ్గర ఉంది. మామూలుగా నాలుగుకే వెళ్ళిపోయే మనిషి ఆయన, ఆ రోజు గదిలో అటూ ఇటూ తిరుగుతున్నారు. నేను మాత్రం గుమ్మంలోంచి వరండా చూస్తున్నాను.

అయిదుకు తాళాల చప్పుడు వినబడింది. నేను వెళ్ళేసరికి చాచా చెయ్యి పిడి మీద ఉంది. ఇంకో అరగంట ఆగాలని, ఇప్పుడు ఆపితే మొదటికొస్తుందని చెప్పాను. నా వెనకే కరస్పాండెంట్ గారు వచ్చారు.

“ఏందిది? రోజూ ఆపుతావా నువ్వు మెయిను?”

ఆ మాట నేను ఇన్నాళ్ళూ ఎవరి చెవినా పడకుండా దాచిన మాట. చాచా పిడి మీదినుంచి చెయ్యి తీశారు. నేను నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నారు.

“రోజూ ఆపేది నేనే సార్. అప్‌డేట్లు మధ్యలో చచ్చింది నా చెయ్యి వల్లే. ఈ అమ్మాయికి చానా రోజులకిందే తెలుసు. మీకాడ నా పేరు చెప్పలా. చెప్పుంటే ఇయ్యాల కౌంటర్లో కూర్చునేది కాదు.”

కరస్పాండెంట్ గారు ఆయన వంక, నా వంక, మెయిన్ పెట్టె వంక చూశారు. లోపల అరవై రెండు దగ్గర ఆగిన అంకె ఆయన నోరు కట్టేసిందో, ఆ ముసలాయన అంత నిటారుగా నిలబడటం కట్టేసిందో నాకు తెలియదు. చాచా స్టూలు తెచ్చుకుని మెయిన్ ముందు వేసుకుని, వీపు దానికి ఆనించి కూర్చున్నారు. ఎంతసేపైనా కానివ్వమ్మా, ఎవురొచ్చి ముట్టుకుంటారో చూస్తా అన్నారు.

అయిదూ ఇరవై ఆరుకు కంప్యూటరు లేచింది. అయిదూ నలభైకి కొత్త బ్రౌజరు ఎక్కింది. సైటు తెరుచుకుంది. అయిదూ నలభై తొమ్మిదికి కరస్పాండెంట్ గారు సంతకం పెట్టారు. నేను కంప్యూటరును పద్ధతిగా ఆపి, తెర నల్లబడేదాకా నిలబడి, వరండాలోకి వచ్చి తల ఊపాను. చాచా లేచి, బిస్మిల్లా అనుకుని, పిడి కిందికి లాగారు.

గేటు దగ్గర కరస్పాండెంట్ గారు కారెక్కబోతూ ఆగి, రేపు ఆఫీసులో తాళాలు తీసుకోమన్నారు. ఇకనుంచి ఏం చేసినా చెప్పి చెయ్యమన్నారు.

“చెప్తే వద్దన్నారు గదండీ.”

“అయినా చెప్పు.”

“చెప్తానండి. చెయ్యాల్సిందైతే, వద్దన్నా చేస్తాను.”

ఆయన కారు తలుపు వేసుకున్నారు. చాచాను ఏమీ అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. నన్ను జెరాక్స్ అమ్మాయి అనడం కూడా ఎవరూ మానలేదు. అననివ్వండి. ఆ కౌంటరు నాకు చదువుకునే తీరిక ఇచ్చింది, ఆ పేరులో నాకు నామోషీ ఏమీ లేదు.

ఇప్పుడు అప్‌డేట్లు బుధవారం మధ్యాహ్నాలు మొదలవుతాయి. ముందు నా కంప్యూటరుకు, రెండు రోజులు ఆగి ఆఫీసుకూ ల్యాబుకూ, ఆ తర్వాత గురజాలకు, చివరికి సన్నపు ధార ఉన్న నకరికల్లుకు, నాలుగేసి చొప్పున. ఇప్పుడు నేనూ అయిదు అయ్యాకే గ్రంథాలయానికి వెళ్తున్నాను. సాయంత్రం అయిదుకు చాచా ల్యాబు గుమ్మంలో తల పెట్టి, ఇయ్యాల ఏమన్నా ఎక్కతన్నయ్యా అని అడుగుతారు. లేదంటే పిడి లాగుతారు.

సంచిలో చేరిన అరవై నాలుగు కాగితాలూ, చిరిగినదానితో సహా, నా దగ్గరే ఉన్నాయి. వెనక వైపు తెల్లగా ఉంటుంది కాబట్టి గ్రంథాలయంలో నోట్సుకు వాడుకుంటున్నాను. ఇది కూడా మొదట వాటి మీదే రాసుకున్నాను.